మచ్చ మిగలని గాయము

కోవిల్పట్టి, శివకాశి, విరుదునగరము ప్రాంతములలో అగ్గిపెట్టెల తయారీయు, బాణసంచా తయారీయు వేలకొలది కుటుంబములకు జీవనాధారములు. నిప్పుతో నిత్యసంబంధము గల ఈ సీమలో కాలిన మచ్చలు గలవారు అరుదు గారు. దీపావళి సెలవుల పిదప బడికి వచ్చు పిల్లల చేతులు చూచినను ఈ సంగతి తెలియును. “ఈ మచ్చ పోవునా?” అని తల్లిదండ్రులు, అందును ఆడపిల్లల తల్లులు, మమ్ము అడుగుచుందురు. శాస్త్రము దీనికి చెప్పు సమాధానమును ఇచ్చట సులభముగా వివరింప యత్నింతుము.

మచ్చ ఏల ఏర్పడును?

చర్మము తెగినను, కాలినను శరీరము తెల్లకణములను అచ్చటికి పంపి క్రిములతో పోరాడును. వాపు, ఎరుపు, మంట ఆ పోరాటమునకు గుర్తులు. పిదప కొన్ని కణములు కొలాజెన్ అను నారపదార్థమును త్వరత్వరగా అల్లి గాయమును పూడ్చును. మంచి చర్మములో ఈ నారలు గంపయల్లికవలె పెనవేసికొని యుండును. మచ్చలోనో, ఒకే దిక్కునకు కట్టలు కట్టినట్లుండును. అచ్చట వెండ్రుకలుగాని చెమటగ్రంథులుగాని సాధారణముగా మరల పుట్టవు. మచ్చ యొక్క బలము తొలి చర్మపు బలములో నూటికి 80 వంతులకు మించదు.

గర్భస్థ శిశువు విశేషము

సుమారు 24 వారములలోపు గర్భస్థ శిశువు చర్మమునకు చిన్న గాయమైనచో అది మచ్చ లేకయే మానును. ఇది ఉమ్మనీటి మహిమ యేమో యని సందేహము కలిగినది. 1994లో అమెరికా వైద్యుడు మైకేల్ లాంగకర్, ఆయన సహచరులు పెద్ద గొఱ్ఱె చర్మమును గర్భములోని గొఱ్ఱెపిల్ల వీపున అతికించి, ఆ చర్మమును, పిల్ల సొంత చర్మమును గాయపరచి చూచిరి. సొంత చర్మము మచ్చ లేక మానెను. అతికిన చర్మమున మచ్చ పడెను. రెండును ఒకే ఉమ్మనీటిలో నున్నవి గదా! కావున రహస్యము నీటిలో గాక, లేత చర్మములోనే యున్నదని తేలినది.

వృద్ధి కారకములు

కణములకు “పెరుగుము, కదలుము, నార అల్లుము” అని సందేశము లందించు మాంసకృత్తులే వృద్ధి కారకములు. చర్మపు పైపొరను పెంచు కారకమును 1962లో స్టాన్లీ కోహెన్ వేరుచేసెను. 1986లో ఆయనకును, రీటా లెవీ-మొంటాల్చినీకిని నోబెల్ బహుమతి లభించినది. మచ్చ విషయమున ముఖ్యమైనది టి.జి.ఎఫ్.-బీటా అను మరియొక కారకము. పెద్దల గాయములలో దాని 1వ, 2వ రకములు హెచ్చు. గర్భస్థ శిశువు గాయములో అవి తక్కువ, 3వ రకము హెచ్చు. శిశువు గాయమునకు తెల్లకణములును కొద్దిగానే వచ్చును. కావున వాపు స్వల్పము, అల్లిక నిదానము.

1990 ప్రాంతముల మాంచెస్టరులో మార్క్ ఫెర్గుసన్ బృందము ఎలుకలలో 1, 2 రకములను అణచియు, 3వ రకమును చేర్చియు మచ్చను తగ్గింపగలిగెను. కాని ఆ 3వ రకముతో చేసిన మందు 2011లో మనుష్యులపై జరిగిన పెద్ద పరీక్షలో నెగ్గలేదు. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ, కోహెన్ కనుగొన్న కారకముతో మధుమేహరోగుల కాలిపుండ్లకు మందు చేయుచున్నది. ఆ సంస్థ స్థాపకులగు డాక్టరు కృష్ణ ఎల్లా మన తమిళనాటి తిరుత్తణి ప్రాంతమున పుట్టినవారగుట మనకు సంతోషకరము. అయితే ఆ మందు పుండు మానుటకు తోడ్పడునే గాని మచ్చను మాన్పునది గాదు. మచ్చను మాయము చేయుదుమను ప్రకటనలను నమ్మి డబ్బు పోగొట్టుకొనవలదు.

మన చేతిలోనిది

పుట్టిన పిదప ఆ లేత చర్మము మనకు తిరిగి రాదు. అయినను మచ్చను తగ్గించు మార్గము కలదు. రెండు వారములలో మానిన పైపై గాయము మచ్చ మిగుల్చుట అరుదు. మూడు వారములు మించినచో మచ్చ తప్పుట కష్టము. కావున గాయమును లోతు కానీయకుండుటయే కర్తవ్యము. కాలినవెంటనే 20 నిమిషములు చల్లని పారునీటి క్రింద నుంచవలెను. ఉంగరములు, గాజులు తీయవలెను. సిరా, పేస్టు, వెన్న, మంచుగడ్డ పెట్టరాదు, బొబ్బలు చిదుపరాదు. శుభ్రమైన బట్ట కప్పి వైద్యునికి చూపవలెను. ముఖము, చేతులు, కీళ్లు కాలినచో ఆలస్యము కూడదు.

ఇంతచేసియు మచ్చ మిగిలినచో అది బిడ్డ దోషము గాదు. శరీరము తన ప్రాణమును కాపాడుకొన్న గురుతు మాత్రమే. దానిని చూపి ఏ బిడ్డనైనను ఎగతాళి చేయు మాట మన యిండ్లలో వినబడకుండుగాక!