పోటీ పరీక్షల ప్రత్యేకం: ఎముకలు గుల్లబారితే...

ఆస్టియోపోరోసిస్‌ను రికెట్స్‌తో కలిపేస్తే మార్కు పోయినట్టే. రికెట్స్ ప్రధానంగా విటమిన్ డి లోపంతో పిల్లలకు వచ్చేది; ఎముక మెత్తబడి వంగుతుంది. ఆస్టియోపోరోసిస్‌లో ఎముక సాంద్రత తగ్గి గుల్లబారుతుంది, చిన్న దెబ్బకే విరుగుతుంది. ముప్పు ఎక్కువగా తుంటి, వెన్నుపూస, మణికట్టులకే.

ఎముకను ఆస్టియోక్లాస్టులు కరిగిస్తుంటాయి, ఆస్టియోబ్లాస్టులు నిర్మిస్తుంటాయి. మొదటివాటికి కళ్లెం వేసే ఈస్ట్రోజన్ ముట్లుడిగాక పడిపోతుంది. స్త్రీలలో ఈ జబ్బు ఎక్కువ కావడానికి ముఖ్య కారణం అదే. వయసు, వంశపారంపర్యం, తక్కువ బరువు, పొగ, మద్యం, ఒళ్లు కదలని జీవితం సరేసరి. దీర్ఘకాలం వాడే స్టెరాయిడ్లను మాత్రం విడిగా గుర్తుపెట్టుకోండి.

నిర్ధారణ డెక్సా స్కాన్‌తో. టి-స్కోరు -2.5 లేదా అంతకన్నా తక్కువైతే ఆస్టియోపోరోసిస్, -1, -2.5 మధ్య ఉంటే ఆస్టియోపీనియా. నల్లగొండ ఫ్లోరోసిస్ కథ వేరు: అక్కడ సాంద్రత పెరిగినా ఎముక పెళుసే.

చికిత్సలో ముందు వరస బిస్ఫాస్ఫొనేట్లది. వారానికోసారి వేసుకునే అలెండ్రొనేట్ మాత్రను పరగడుపున, గ్లాసుడు మంచినీళ్లతో మింగాలి. ఆపైన కనీసం 30 నిమిషాలు నడుం వాల్చకూడదు. వాలిస్తే అన్నవాహిక ఒరుసుకుపోవచ్చు. డెనోసుమాబ్ ఆరు నెలలకో ఇంజెక్షన్; ఉన్నట్టుండి మానేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదముంది. పారాథైరాయిడ్ హార్మోన్‌లోని ఒక భాగమే టెరిపారటైడ్. ఇది కొత్త ఎముకను కట్టిస్తుంది. కాల్షియం, విటమిన్ డి వీటికి తోడే కానీ బదులు కావు. ప్రపంచ ఆస్టియోపోరోసిస్ దినం అక్టోబర్ 20.