మహాకాయుల బరువు – ఒక పరిశీలన

జపాను బొమ్మల కథల్లో మేడలంత ఎత్తు మరమనుషులు నడుస్తారు, ఎగురుతారు, కలబడి కొట్లాడుకుంటారు. అవే కథలను నటీనటులతో, నిజమైన వీధుల్లో సినిమాగా తీయబోతే చాలాసార్లు తేలిపోతాయి. డబ్బు చాలలేదనో, కంప్యూటరు పనితనం చాలలేదనో అంటుంటారు. నా మటుకు నాకు చిక్కంతా బరువు దగ్గరే ఉందనిపిస్తుంది. గీసిన గీతకు బరువు లేదు. కెమెరా ముందు నిలబడిన వస్తువుకు ఉంది. భౌతికశాస్త్రం చదవని ప్రేక్షకుడు కూడా ఆ తేడాను ఇట్టే పట్టేస్తాడు.

1980లలో దూరదర్శన్‌లో వచ్చిన 'జయంట్ రోబో' మా అధ్యాపకులలో కొందరికి గుర్తుండవచ్చు. మిత్సుతెరు యొకొయామా గీసిన బొమ్మల కథను 1967లో మనుషులతో తీసిన ధారావాహిక అది. ఆయనే 1956లో మొదలుపెట్టిన 'తెత్సుజిన్ 28' 1963లో కదిలే బొమ్మలుగా, 2005లో నటులతో సినిమాగా వచ్చింది. రెండు కథల్లోనూ మరమనిషిని నడిపించేది బయట నిలబడ్డ ఒక పిల్లవాడు. కథకు వాడు ఎంత అవసరమో కొలతకూ అంతే అవసరం. పక్కన పిల్లవాడు లేకుంటే ఎత్తు ఎట్లా తెలుస్తుంది?

ఇక లెక్క చూద్దాం. మనిషిని పదింతలు పెంచామనుకోండి. ఎత్తు 10 రెట్లు, కాలి ఎముక అడ్డుకోత వైశాల్యం 100 రెట్లు, బరువు మాత్రం 1000 రెట్లు. అంటే ఎముకలో ప్రతి చదరపు సెంటీమీటరూ పదింతల భారం మోయాలి. 1638లో గెలీలియో అచ్చువేయించిన గ్రంథంలోని సంగతే ఇది. మిద్దె మీదినుంచి చీమ పడితే దులుపుకొని పోతుంది. ఎనుము పడితే ఇక చెప్పేదేముంది! 1979లో మొదలైన గండమ్ కథలో మరమనిషి ఎత్తు 18 మీటర్లు. అంత ఎత్తు బొమ్మను యొకొహామాలో నిజంగానే నిలబెట్టి 2020 డిసెంబరు నుంచి 2024 మార్చి దాకా ప్రదర్శించారు. అది చేతులు కదిపింది, కాలెత్తింది, మోకాలు వంచింది. అయితే నడుము దగ్గర వెనకనుంచి ఒక ఆధారం దాన్ని పట్టుకొనే ఉండేది.

కాలం సంగతి ఇంకా ముఖ్యం. 20 మీటర్ల ఎత్తునుంచి పడ్డ వస్తువు నేల తాకడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. అదే 25వ వంతు, అంటే 80 సెంటీమీటర్ల నుంచైతే 0.4 సెకను. 25కు వర్గమూలం 5 కదా, కాలం అయిదింతలే తగ్గింది. కాబట్టి 25వ వంతు నమూనాను సెకనుకు 24 ఫ్రేములు కాకుండా 120 ఫ్రేములతో తీసి, 24 చొప్పున చూపిస్తే అది పెద్దదానిలాగే నిదానంగా కూలుతుంది. 1954లో గాడ్జిల్లా తీసినవారు వేషగాణ్ణి ఎక్కువ వేగంతో చిత్రించింది ఇందుకే. కంప్యూటరులో బొమ్మ చేసేవారికి ఈ కట్టుబాటు లేదు. వేల మణుగుల ఇనుమును పిల్లిమొగ్గలు వేయిస్తారు. అక్కడే పట్టు తప్పుతుంది.

గీసిన మహాకాయుణ్ణి బతికున్న మనిషిగా మార్చే పని మనకు కొత్తేమీ కాదు. తోలుబొమ్మలాటలో ఘటోత్కచుడు చర్మం మీద గీసిన బొమ్మ. బొమ్మను తెరకు ఆనిస్తే అంచులు స్పష్టంగా ఉంటాయి. దీపం వైపు జరిపితే నీడ పెరుగుతుంది, అయితే అంచులు చెదిరిపోతాయి. ఉత్తపుణ్యానికి పెరగడం అక్కడా కుదరదు! అట్లాంటి బొమ్మలాడించే కుటుంబాలవారే 1885లో వనారస గోవిందరావు గారి ఆధ్వర్యంలో మన కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' ఆడి నాటకానికి మళ్లారు. తర్వాత వారి 'మాయాబజార్' రంగస్థల తంత్రాలకు పేరుమోసింది. 1957లో విజయావారి సినిమా వచ్చింది. నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డి గారు మన జిల్లాలో పుట్టినవారు, దర్శకులు కె.వి. రెడ్డి గారిది పక్కనున్న తాడిపత్రి.

అందులో ఘటోత్కచుడైన ఎస్.వి. రంగారావు గారు చాలాసేపు మామూలు మనిషి కొలతలోనే కనిపిస్తారు. అయినా మనకు పెద్దగా అనిపిస్తారు. అడుగులో తొందర లేదు. మెడ తిరగడంలోనూ తీరిక ఉంది. చుట్టూ లంబు, జంబు, చిన్నమయ్యలు చురుగ్గా గెంతుతుంటారు. జపాను కథలో పిల్లవాడు చేసే పని ఇక్కడ వీళ్లు చేశారన్నమాట. రేపు తెలుగులో మరమనిషి సినిమా తీయదలచిన వారెవరైనా ముందు ఆ నడకను చూడాలి, కంప్యూటరు తర్వాత.

ఈ వేసవిలో మా పసుపు కళ్లంలో తమ్ముడూ నేనూ డబ్బారేకుతో 80 సెంటీమీటర్ల మరమనిషిని చేసి, సెల్‌ఫోనులో 120 ఫ్రేములు పెట్టి పడగొట్టాం. దుమ్ముకు జల్లెడపట్టిన బూడిద చల్లాం. పొలం మట్టయితే గడ్డలు గుట్టు బయటపెడతాయి. మా నాయన చూసి, "కరెంటు టవరు కూలినట్టుందే!" అన్నాడు. నీళ్లు మాత్రం లొంగలేదు. చుక్క సైజును ఎక్కువగా నిర్ణయించేది తలతన్యత. బొమ్మను 25వ వంతు చేశామని చుక్క 25వ వంతు కాదు. ఫోనులో ఒక్కో చుక్క మరమనిషి తలకాయంత కనిపించింది. సబ్బు కలిపితే తలతన్యత తగ్గుతుందని తమ్ముడి వాదన. అది నిజమే. కాకపోతే ఎద్దులు తాగే తొట్టిలో సబ్బు కలపడానికి మా నాయన ఇంకా ఒప్పుకోలేదు.