గర్భసంచి తొలగింపునకు తొందర వద్దు

మణుగూరు గృహిణి ఒకరు, వయసు ముప్పైనాలుగు, నా వద్దకు వచ్చి, "అయ్యగారూ, బహిష్టు రక్తం ఆగడం లేదు. గర్భసంచి తీయించేసుకుంటే ఈ పీడ విరగడవుతుందా?" అని అడిగారు.

ఈ ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయం తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం.

ఈ వ్యాధిని చరకుడు అసృగ్దరమన్నాడు. అశోకపట్ట దీనికి ప్రసిద్ధౌషధం. అయితే కారణం తెలియక కషాయమూ వద్దు, కత్తీ వద్దు. ముందుగా రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు, స్కానింగు చేయించుకోవాలి.

ఆమెకు థైరాయిడ్ లోపమని తేలింది. దానికి చికిత్స జరిగాక స్రావం తగ్గింది, గర్భసంచి నిలిచింది.

ముట్లుడిగిన పిమ్మట రక్తం కనిపిస్తే మాత్రం ఇంటివైద్యంతో కాలయాపన చేయక, వెంటనే స్త్రీవైద్య నిపుణులను సంప్రదించండి. అది క్యాన్సర్ కావచ్చు.