పటం చదివి దారి పట్టారు

ఫిజీ సముద్రం మధ్యలో ఉన్న దేశం. అంతా దీవులు. వెనకటి రోజుల్లో చెరకు తోటల పనికి మన దేశం నుంచి వేలమంది అక్కడికి వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి తెలుగువాళ్లు కూడా వెళ్లారు.

ఆ ఫిజీలో 2019లో ఒక పెద్ద పందెం జరిగింది. పేరు ఎకో ఛాలెంజ్. ఇది ఒట్టి పరుగు పందెం కాదు. అడవిలో నడవాలి. కొండ ఎక్కాలి. సైకిలు తొక్కాలి. తెరచాప పడవ నడపాలి. వెదురు బొంగులతో తెప్ప కట్టుకుని ఏటిలో పోవాలి. మొత్తం 671 కిలోమీటర్లు. గడువు 11 రోజులు. రాత్రయినా పందెం ఆగదు. ఎప్పుడు పడుకోవాలో, ఎంతసేపు పడుకోవాలో జట్టే తేల్చుకోవాలి.

30 దేశాల నుంచి 66 జట్లు వచ్చాయి. జట్టుకు నలుగురు. నలుగురూ మగవాళ్లే అయితే ఒప్పుకోరు. ఒక్క ఆడమనిషైనా ఉండి తీరాలి. ఒకరు మధ్యలో ఆగిపోతే జట్టంతా ఓడినట్టే. అందుకని బలం ఉన్నవాళ్లు ముందు ఉరికితే లాభం లేదు. అలసిపోయినవాళ్ల మూట ఇంకొకరు మోస్తారు.

మన దేశం జట్టులో తాషీ మలిక్, నుంగ్షీ మలిక్ ఉన్నారు. వాళ్లు కవల అక్కచెల్లెళ్లు. 2013లో ఇద్దరూ కలిసి ఎవరెస్టు శిఖరం ఎక్కారు. ఆడపిల్లలు కొండలెక్కడం ఏమిటని వాళ్లమ్మ మొదట్లో భయపడింది. ఏ అమ్మ భయపడదు!

ఈ పందెంలో దారి చూపే యంత్రాలు వాడకూడదు. చేతిలో రెండే ఉంటాయి. ఒకటి పటం, రెండోది దిక్సూచి. పటం చదవడం రాకపోతే కాళ్లలో ఎంత బలం ఉన్నా పనికిరాదు.

పటం ఎలా చదువుతారు?

పటంలో పైవైపు ఉత్తరం. దిక్సూచి ముల్లు కూడా ఉత్తరమే చూపుతుంది. పటాన్ని నేల మీద పరిచి, దాని పైవైపు ముల్లు చూపే వైపుకు వచ్చేదాకా తిప్పాలి. అప్పుడు కాగితం మీద ఏరు మనకు ఎడం పక్కన ఉంటే, నేల మీద కూడా ఎడం పక్కనే ఉండాలి. లేదంటే దారి తప్పామన్నమాట.

కొండల్ని సన్నని గీతలతో చూపిస్తారు. ఎండాకాలం చెరువు తగ్గుతుంటే ఒడ్డున నీటి చారలు పడతాయి కదా, ఆ గీతలూ అలాంటివే. ఒక గీత పొడవునా ఎత్తు ఒక్కటే. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిట్ట నిలువు కొండ. దూరం దూరంగా ఉంటే మెల్లగా ఎక్కే వాలు. దగ్గర దారి అని నిలువు కొండ వైపు వెళ్తే, చుట్టు తిరిగి వెళ్లినవాళ్లే ముందు చేరతారు.

తప్పు చదివితే నష్టం చిన్నది కాదు. ఒక లోయ బదులు ఇంకో లోయలో దిగితే, మళ్లీ అంత దూరం వెనక్కి ఎక్కి రావాలి. ఫిజీ వేడి దేశమే. అయినా కొండ లోయల్లో నీళ్లు చాలా చల్లన. గంటల తరబడి ఆ నీళ్లలో ఈదినవాళ్లు వణికిపోయారు.

న్యూజీలాండ్ జట్టు దాదాపు 6 రోజుల్లో గమ్యం చేరి గెలిచింది. ఆ నలుగురిలో ఒక ఆమె సోఫీ హార్ట్. ఆమె డాక్టరు.

మీరూ చేసి చూడండి. పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా నిలబడండి. మీ ఎడమ చేతి వైపు ఉత్తరం. ఒక కాగితం మీద పైవైపు ‘ఉత్తరం’ అని రాయండి. మీ ఇల్లు, బడి, చెరువు, రేషన్ షాపు ఏ వైపు ఉన్నాయో గుర్తులు పెట్టండి. పక్కింటి ఆమెకు ఇచ్చి, ఏది ఎక్కడ ఉందో చదవమనండి.