నీట్ రాకపోయినా ఐసీయూలో కొలువుంది

భివండీ వరాలా తలావ్ గట్టు మీద సాయంత్రం కాసేపు కూర్చుంటే మూడు భాషలు చెవిన పడతాయి. వరాలా దేవి గుడికి వచ్చినవాళ్ల మరాఠీ, గాలికి తిరిగేవాళ్ల హిందీ, పద్మానగర్, కామత్‌ఘర్ గల్లీల నుంచి వచ్చిన మనవాళ్ల తెలంగాణ తెలుగు. మొన్న అక్కడే ఒక అమ్మాయి నన్ను ఆపింది. సైన్సుతో 12వ తరగతి పాసైంది. తండ్రిది సాంచాల (మరమగ్గాల) మీద రాత్రి షిఫ్టు. "సార్, నీట్‌ల మార్కులు రాలే. బీకాంల చేరుమంటున్నరు ఇంట్ల. రెండేండ్లు చదివిన బయాలజీ అంత గంగల పోయినట్టేనా?" అని అడిగింది.

పోలేదు బిడ్డా అన్నాను. ఎందుకు పోలేదో గట్టు మీద నిలబడి పూర్తిగా చెప్పలేకపోయాను. ఆమెకూ, భివండీలో, సిరిసిల్లలో, షోలాపూర్‌లో అదే ప్రశ్నతో ఉన్న పిల్లలకూ ఇక్కడ చెబుతున్నాను.

మన ఇళ్లలో ఆసుపత్రి అంటే డాక్టరు, సిస్టరు, కాంపౌండరు. మనకు తెలిసిన కొలువులు అంతే. కానీ ప్రాణం మీదికి వచ్చిన మనిషిని ఐసీయూలో చేర్చాక ఆయన చుట్టూ పనిచేసేవాళ్లలో చాలామంది డాక్టర్లు కారు. వాళ్ల పని తెలియాలంటే ముందు ఆ మంచం మీద ఏం జరుగుతుందో తెలియాలి.

ఐసీయూ మంచం మీది మనిషి నెత్తురుకు రెండు గండాలు. ఒకటి ఉండకూడని చోట గడ్డకట్టడం, రెండోది ఆగాల్సిన చోట ఆగకపోవడం. నెత్తురు ఎందుకు గడ్డకడుతుందో చెప్పే మూడు కారణాలను జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరుతో ఇవాళ్టికీ ప్రతి మెడికల్ క్లాసులో చెబుతారు. రక్తప్రవాహం మందగించడం, రక్తనాళం లోపలి పొర దెబ్బతినడం, నెత్తురే చిక్కబడే గుణానికి రావడం. వెంటిలేటర్ మీద కదలకుండా పడి ఉన్న మనిషికి మూడూ ఉంటాయి. కాళ్లు కదలవు, మెడలోనో తొడలోనో పెద్ద నరానికి గొట్టం గుచ్చి ఉంటుంది, ఒంట్లో ఇన్ఫెక్షన్ కుతకుతలాడుతుంటుంది. పిక్కలో పుట్టిన గడ్డ ఊడి ఊపిరితిత్తుల నాళంలో ఇరుక్కుంటే నిమిషాల్లో గుండె ఆగిపోవచ్చు.

గడ్డ కట్టకుండా హెపారిన్ ఇస్తారు. అది ఎక్కువైతే కడుపులోనో మెదడులోనో రక్తస్రావం. పడుగు బిగువు గురించి సాంచా మీద పనిచేసేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బిగిస్తే పోగు తెగుతుంది, వదిలితే చిక్కు పడుతుంది. ఇక్కడ తెగేది పోగు కాదు కాబట్టి హెపారిన్ ఎక్కుతున్న రోగికి మొదట్లో ఆరు గంటలకోసారి రక్తపరీక్ష చేసి మోతాదు సరిచేస్తారు. అంతకన్నా చిక్కు పరిస్థితి కూడా ఉంది. ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకినప్పుడు సన్న నాళాల్లో వేల చిన్న గడ్డలు కట్టి, గడ్డకట్టడానికి కావాల్సిన సరుకంతా అక్కడే ఖర్చయిపోయి, సూది గుచ్చిన ప్రతిచోటా నెత్తురు ఊరుతుంది. డాక్టర్లు దాన్ని డీఐసీ అంటారు. గడ్డా, రక్తస్రావమూ ఒకే మనిషిలో ఒకే గంటలో.

ఈ మార్పును మొదట ఎవరు కనిపెడతారు? రౌండ్లకు వచ్చిన డాక్టరు మంచం దగ్గర కొన్ని నిమిషాలు ఉంటారు. షిఫ్టంతా ఉండేది నర్సు. ఒక కాలు మాత్రమే వాచింది, మలం నల్లగా తారులా వచ్చింది, ఒక కంటిపాప పెద్దదైంది, పళ్ల చిగుళ్ల దగ్గర ఎర్ర చార కనిపించింది, ఆక్సిజన్ అంకె ఉన్నట్టుండి పడిపోయింది. వీటిని ముందు చూసే కన్ను ఆమెదే. హెపారిన్ మొదలుపెట్టిన ఐదో రోజుకూ పదో రోజుకూ మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతే అది ఆ మందే తెచ్చిన ప్రమాదం కావచ్చని గుర్తుపెట్టుకుని పాత రిపోర్టు పక్కన కొత్త రిపోర్టు పెట్టి చూసే నర్సు ఉన్న వార్డులో రోగి బతికే అవకాశం పెరుగుతుంది. అందుకే నా మొదటి సలహా నర్సింగే. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకు కూడా. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. 12వ తరగతిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ ఉండాలి. జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) మూడేళ్లు; ఆర్ట్స్ చదివినవాళ్లూ చేరవచ్చు. తర్వాత క్రిటికల్ కేర్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. బీఎస్సీ చేసి కొంత అనుభవం వచ్చాక రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు కూడా ఉంది, అది క్రిటికల్ కేర్ కోసమే పెట్టింది.

రెండో కొలువు రక్తనిధిలో. బయటివాళ్లకు అది బాటిళ్లు దాచే గది. లోపల చూస్తే ఒక దాత ఇచ్చిన నెత్తురు మూడు సరుకులుగా విడిపోతుంది. ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల చలిలో పెడితే సంచిలో కలిపిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు ఆగుతాయి. ప్లాస్మాను గడ్డకట్టిస్తే ఏడాది ఉంటుంది. ప్లేట్‌లెట్లు మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు; 20 నుంచి 24 డిగ్రీల దగ్గర, ఊయల ఊగినట్టు ఆగకుండా కదులుతుండాలి, అయినా ఐదు రోజులే. వానాకాలంలో డెంగ్యూ విజృంభించినప్పుడు భివండీ కుటుంబాలు ప్లేట్‌లెట్ల కోసం ఠాణే, ముంబై ఎందుకు పరుగెత్తుతాయో అన్నదానికి జవాబు ఈ ఐదు రోజుల లెక్కలో ఉంది. సంచి మీద పేరు, గ్రూపు సరిచూసి, క్రాస్‌మ్యాచ్ చేసి పంపే టెక్నీషియన్ ఒక్క చీటీ తారుమారు చేస్తే మనిషి పోతాడు. బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) గానీ, అందులోనే డిప్లొమా అయిన డీఎంఎల్‌టీ గానీ చదివినవాళ్లకు ఈ దారి తెరిచి ఉంటుంది. మహారాష్ట్రలో నాసిక్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నడిపే బీపీఎంటీ (పారామెడికల్ టెక్నాలజీ) డిగ్రీలో రక్తమార్పిడికీ, కార్డియాలజీకీ విడివిడి శాఖలున్నాయి. తెలంగాణకు తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు వరంగల్ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఇలాంటి బీఎస్సీ కోర్సులున్నాయి.

ఇక గుండె. గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటి కాదు. గుండెకు నెత్తురు తెచ్చే నాళంలో గడ్డ అడ్డుపడితే గుండెపోటు. గుండె కొట్టుకోవడమే మానేస్తే కార్డియాక్ అరెస్ట్. మొదటిది రెండోదానికి దారి తీయవచ్చు. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, గుండెపోటని తేలితే, యాంజియోప్లాస్టీ ఉన్న ఆసుపత్రిలో 90 నిమిషాల్లో మూసుకున్న నాళం తెరవాలి. ఈ 90 నిమిషాల్లో డాక్టరుతో పాటు చెమటోడ్చేవాళ్లు ఈసీజీ తీసే టెక్నీషియన్, యాంజియోప్లాస్టీ జరిగే క్యాథ్ ల్యాబ్‌లో టెక్నీషియన్. అర్ధరాత్రి ఫోన్ మోగితే బయల్దేరాల్సిన కొలువు అది. ఎక్స్‌రేల నుంచి కాపాడే సీసం ఏప్రాన్ వేసుకుని గంటలు నిలబడాలి. ఆ సంగతి తెలిసే చేరండి.

పర్‌ఫ్యూజనిస్ట్ అనే పేరు మన గల్లీల్లో ఎవరూ విని ఉండరు. గుండె ఆపరేషన్‌లో గుండెను ఆపేసినప్పుడు దాని పని యంత్రం చేస్తుంది. 1953లో అమెరికాలో జాన్ గిబ్బన్ మొదటిసారి ఆ యంత్రంతో విజయవంతంగా ఆపరేషన్ చేశాడు. యంత్రం నడిపేది పర్‌ఫ్యూజనిస్ట్. ఒంట్లో నెత్తురంతా ప్లాస్టిక్ గొట్టాల్లో తిరుగుతుంటే గడ్డకట్టడానికి క్షణం చాలు. అందుకే హెపారిన్ బాగా ఎక్కిస్తారు. మామూలుగా రెండు నిమిషాల లోపు గడ్డకట్టే నెత్తురుకు ఎనిమిది నిమిషాలు పట్టేలా చేసి, అది పరీక్షలో తేలాకే యంత్రం తిప్పుతారు. ఆపరేషన్ అయ్యాక ప్రోటమిన్ ఇచ్చి ఆ ప్రభావం తీసేస్తారు. యంత్రాల చప్పుడులో పెరిగి, మోత మారితే ఎక్కడ తేడా వచ్చిందో పసిగట్టే పిల్లలు మన ఇళ్లలో ఉన్నారు. ఈ కొలువు వాళ్లకు నప్పుతుందని నా గట్టి నమ్మకం. సీట్లు మాత్రం తక్కువ, ఉద్యోగాలు గుండె ఆపరేషన్లు జరిగే నగరాల్లోనే.

ఆసుపత్రి గోడలకు బయట కూడా ఒక కొలువుంది. 2020 సెప్టెంబర్ 21 తెల్లవారుజామున భివండీ పటేల్ కాంపౌండ్‌లో జిలానీ బిల్డింగ్ కూలింది. నిద్రలో ఉన్న కుటుంబాల మీద మూడంతస్తులు పడ్డాయి. కనీసం 38 మంది పోయారు. అలాంటి చోట శిథిలం కింద గంటల తరబడి కాలు నలిగిన మనిషిని ఒక్కసారిగా లాగకూడదు. నలిగిన కండలో పేరుకున్న పొటాషియం నెత్తురులో కలిసి గుండెను ఆపేస్తుంది. బయటికి తీయకముందే సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాలి. ఇది తెలిసిన మనిషి ఆసుపత్రిలో ఉంటే చాలదు, రాళ్ల మధ్య ఉండాలి. ఆ కొలువే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు ఈ వృత్తిని మన జిల్లాలకు పరిచయం చేసింది. ఈ కొలువులో గంటల లెక్క ఎంత ముఖ్యమో ఒక మందు చెబుతుంది. రక్తస్రావం ఆపే ట్రానెగ్జామిక్ యాసిడ్ అనే చవక మందును జపాన్ శాస్త్రవేత్త ఉతాకో ఒకమోతో, భర్త షోసుకేతో కలిసి కనిపెట్టింది. 20 వేల మందికి పైగా క్షతగాత్రుల మీద జరిగిన పరిశోధన, దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇస్తే అది ప్రాణాలు నిలుపుతుందని చూపింది. మూడు గంటల్లో ఎంత భాగం రోడ్డు మీద పోతుందో ముంబై-నాసిక్ హైవే ట్రాఫిక్ చూసినవాళ్లకు తెలుసు.

మీ దగ్గర ఉన్న ఒక ఆస్తిని మీరు ఆస్తిగా లెక్కపెట్టడం లేదు. తెలుగు, మరాఠీ, హిందీ మూడూ వచ్చు. స్పృహ తప్పిన మనిషి వెంట వచ్చిన ముసలమ్మను, "అమ్మా, తాత రోజూ ఏం గోలీలు మింగుతడు? నెత్తురు పల్చబడే గోలీ ఏమన్న ఉన్నదా?" అని అడిగి జవాబు రాబట్టగలిగినవాళ్లు ఆ వార్డులో ఎంతమంది ఉంటారు? ఆ ఒక్క జవాబుతో చికిత్స మారిపోతుంది. అలాంటి గోలీయే అయిన వార్ఫరిన్ అని తేలి, రక్తస్రావం ఉంటే విటమిన్ కె ఇస్తారు. లేకపోతే కారణం వెతుకుతూ గంటలు పోతాయి.

ఇప్పుడు మోసాల సంగతి. 'ఆరు నెలల్లో ఐసీయూ టెక్నీషియన్, జాబ్ గ్యారంటీ' అనే బోర్డులు ప్రతి నాకా దగ్గరా కనిపిస్తాయి. 2021లో పార్లమెంటు చేసిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం ప్రకారం ఈ రంగంలో డిప్లొమాకైనా కనీసం రెండు వేల గంటల చదువు, 'హెల్త్‌కేర్ ప్రొఫెషనల్' స్థాయి డిగ్రీకి కనీసం 3,600 గంటలు ఉండాలి. ఆరు నెలల్లో ఇది ఎలా కుదురుతుందో ఫీజు కట్టే ముందు అడగండి. ఏ విశ్వవిద్యాలయం అనుబంధం, సొంత ఆసుపత్రిలో ఎన్ని మంచాలు, ఇంటర్న్‌షిప్ ఏ ఐసీయూలో. కాగితం మీద రాసిమ్మనండి. నర్సింగ్ కాలేజీ అయితే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో, రాష్ట్ర కౌన్సిల్ జాబితాలో పేరుందేమో మీరే చూడండి, ఏజెంటు మాట నమ్మకండి. అప్పు చేసి కట్టిన ఫీజు తిరిగి రాక ఏడ్చిన తల్లిదండ్రులను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

భివండీ పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. దాన్ని చివరి వారంలో గుర్తుచేసుకుని సీటు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మహారాష్ట్రలో వెనుకబడిన వర్గాల కోటా కావాలంటే మీ కుటుంబం 1967 అక్టోబర్ 13కు ముందే ఈ రాష్ట్రంలో ఉన్నట్టు రుజువు అడుగుతారు. తాత బడి దాఖలా, పాత రేషన్ కార్డు, మిల్లు హాజరు కార్డు, ఇంటి పన్ను రశీదు ఏదైనా వెతకాలి. కుల ధ్రువపత్రం చేతికొచ్చాక దాని వ్యాలిడిటీ మళ్లీ వేరే పని, నెలలు పడుతుంది. రిజల్టు దాకా ఆగకుండా 11వ తరగతిలోనే మొదలుపెట్టండి. 1967 తర్వాత వచ్చిన కుటుంబాలు ఓపెన్ సీట్ల లెక్కతోనే ప్లాన్ చేసుకోవాలి.

ఆ సాయంత్రం గట్టు మీద కొలువుల గురించి రెండు ముక్కలు, ఈ కాగితాల సంగతి మాత్రం చెప్పగలిగాను. అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. "రాత్రి డ్యూటీ ఉంటదా సార్?" అని అడిగింది తర్వాత. ఉంటుందన్నాను. "మా నాయినకు ముప్పై ఏండ్ల సంది రాత్రి డ్యూటీనే. ఇద్దరం పొద్దుగాల ఒక్కతీరె ఇంటికొస్తం" అంది. అక్కడి నుంచే వాళ్ల నాయనమ్మకు ఫోన్ చేసింది. సందూకలో తాత కాగితాలు ఏమైనా మిగిలాయా, చెదలు తిన్నాయా అని అడుగుతూ గుడి మలుపు దాటింది.