కొయ్యకు ఒకటి, ఇనుమునకు ఒకటి: యంత్రపు రంపమునకు తగిన బ్లేడును ఎంచుకొనుట

ఈ పాఠము ఎవరి కొరకు

ఆదోని, ఆలూరు, రాయదుర్గము ప్రాంతముల నుండి పని వెదకికొనుచు బళ్ళారి నగరమునకు వచ్చి స్థిరపడిన తెలుగువారిలో వడ్రంగులు, పైపుల పనివారు, ఇనుప గేట్లు చేయువారు, పాత ఇండ్లను విప్పువారు అనేకులు గలరు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు ఆ మూడు తాలూకాలును బళ్ళారి జిల్లాలోనివే. సరిహద్దు నడుమ వచ్చినను, పని కొరకు రాకపోకలు ఆగలేదు.

ఇట్టి పనివారి చేతికి ఇటీవల రెసిప్రొకేటింగ్ సా అను యంత్రపు రంపము వచ్చినది. పలుచోట్ల యంత్రము మేస్త్రీదో, బాడుగకు తెచ్చినదో అయి ఉండును. బ్లేడు మాత్రము పనివాడే తన కూలి నుండి కొనుక్కొనవలసి వచ్చును. తగని బ్లేడు కొన్నచో అది రెండు కోతలకే మొద్దుబారును, లేదా విరుగును. ఆనాటి కూలిలో కొంత దానికే పోవును. మొద్దుబారిన బ్లేడుతో బలవంతముగా కోయబోయి చేతికి గాయము చేసికొనుట అంతకంటె పెద్ద నష్టము. కనుక బ్లేడు కొనుటకు ముందు వేసికొనవలసిన ప్రశ్నలను ఈ పాఠమున వరుసగా తెలిసికొందము.

యంత్రము పనిచేయు తీరు

ఈ యంత్రము బ్లేడును ముందుకు వెనుకకు అతివేగముగా ఆడించును. ఒక్కొక్క ఆట పొడవు చాల యంత్రములలో సుమారు 28 మిల్లీమీటర్లు. పూర్తి వేగమున నిమిషమునకు 2,500 నుండి 3,000 ఆటల వరకు ఆడును. అమెరికాలో మిల్వాకీ సంస్థ 1951లో సాజాల్ అను పేరున ఇట్టి రంపమును విపణికి తెచ్చినది. అక్కడి పనివారు నేటికిని ఏ సంస్థ రంపమునైనను ఆ పేరుతోనే పిలుచుట కద్దు.

బ్లేడు మొదలు, అనగా యంత్రములో దూర్చు భాగము, దాదాపు అన్ని సంస్థల యంత్రములకును ఒకే కొలతలో, అర అంగుళముగా ఉండును. అందువలన ఒక సంస్థ యంత్రమునకు మరియొక సంస్థ బ్లేడు సాధారణముగా సరిపోవును. జిగ్ సా బ్లేడు వేరు. అది చిన్నది, దాని మొదలు ఆకారమే వేరు. అది దీనికి పనికిరాదు.

మొదటి ప్రశ్న: బ్లేడు దేనితో చేసినది?

బ్లేడులు ముఖ్యముగా మూడు రకములు.

ఒకటి, హై కార్బన్ స్టీలు బ్లేడు. ఇది అన్నిటికంటె చవక. బాగుగా వంగును గాని సులభముగా విరుగదు. మేకులు లేని కొయ్యకు, పచ్చి కొమ్మలకు, ప్లాస్టిక్ పైపులకు ఇది చాలును. దీనితో ఇనుము కోసినచో వేడికి పళ్ళు మెత్తబడి నిమిషములలో అరిగిపోవును.

రెండు, బైమెటల్ బ్లేడు. దీని వెన్ను వంగెడు స్ప్రింగు ఉక్కుతోను, పళ్ళ అంచు వేడికి తాళగల హై స్పీడ్ స్టీలుతోను చేసి, రెంటిని అతికింతురు. కొయ్యలో మేకు తగిలినను, ఇనుప పైపు కోయవలసి వచ్చినను ఇదియే తగినది. నానా విధములైన పనులు చేయువాడు మొదట కొనవలసినది ఈ రకమే.

మూడు, కార్బైడు పళ్ళ బ్లేడు. ఇది బైమెటల్ కంటె అనేక రెట్లు ఖరీదైనది. బీడు ఇనుము, స్టెయిన్‌లెస్ స్టీలు, దళసరి ఉక్కు మొదలగు మొండి లోహములకు ఉద్దేశించినది. అట్టి పని తరచుగా ఉన్నవారికే ఇది గిట్టుబాటు అగును.

రెండవ ప్రశ్న: అంగుళమునకు ఎన్ని పళ్ళు?

బ్లేడు మీద టి.పి.ఐ. అను గుర్తు ప్రక్కన ఒక అంకె ఉండును. అంగుళము పొడవులో ఎన్ని పళ్ళు ఉన్నవో అది తెలుపును. పళ్ళు తక్కువైనచో ఒక్కొక్కటి పెద్దదిగా నుండి, వాని నడుమ ఎడము ఎక్కువై, పొట్టు త్వరగా బయటికి పోవును. కోత వేగముగాను గరుకుగాను ఉండును. పళ్ళు ఎక్కువైనచో కోత నెమ్మదిగాను నునుపుగాను ఉండును.

ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చినవారికి ఇది క్రొత్త విషయము కాదు. హ్యాక్సా బ్లేడునకు 1.8, 1.4, 1.0, 0.8 మిల్లీమీటర్ల పిచ్ అని చదివిన పాఠమే ఇది. ఆ కొలతలు అంగుళమునకు సుమారు 14, 18, 25, 32 పళ్ళకు సమానము.

ఎంపికకు ఈ క్రమమును గుర్తుంచుకొనవలెను.

పచ్చి కొమ్మలు, దళసరి కొయ్య: 3 నుండి 6 పళ్ళు.
మేకులు దిగియున్న పాత కొయ్య: 6 నుండి 10 పళ్ళు, బైమెటల్.
కొయ్య, ఇనుము రెండును వచ్చు మిశ్రమ పని: 10 నుండి 14 పళ్ళు, బైమెటల్.
దళసరి ఇనుము, కడ్డీలు: 10 నుండి 14 పళ్ళు.
పైపులు, యాంగిళ్ళు: 14 నుండి 18 పళ్ళు.
పలుచని రేకు: 18 నుండి 24 పళ్ళు.

దీని వెనుకనున్న కారణము సులభము. లోహపు మందములో ఒకేసారి కనీసము రెండు మూడు పళ్ళు ఆనియుండవలెను. ఒక్క పన్ను మాత్రమే ఆనినచో రేకు అంచు రెండు పళ్ళ నడుమ ఇరుకుకొని పన్నును ఊడబెరుకును. బ్లేడును కొంచెము ఏటవాలుగా పట్టి కోసినచో ఎక్కువ పళ్ళు ఆనును. మిక్కిలి పలుచని రేకును రెండు ప్లైవుడ్ చెక్కల నడుమ బిగించి, మూడింటిని కలిపి కోయుట మంచి ఉపాయము.

మూడవ ప్రశ్న: పొడవెంత, మందమెంత?

బ్లేడులు సాధారణముగా 6, 9, 12 అంగుళముల పొడవులలో దొరకును. కోయవలసిన వస్తువు మందమునకు మరి రెండు మూడు అంగుళములు కలిపినచో కావలసిన పొడవు వచ్చును. అంతకు మించిన పొడవు మేలు చేయదు. పొడవైన బ్లేడు కొస అదరును, వంగును, ఎదురుగా నున్న గోడకు తగిలి విరుగును.

మందము సుమారు 0.9 మిల్లీమీటరు ఉన్న బ్లేడు వంగుచు ఇరుకు చోట్లకు పోవును. 1.3 లేక 1.6 మిల్లీమీటర్లు ఉన్నది నిటారుగా నిలిచి మోటు పనికి తట్టుకొనును. గోడకు ఆనుకొని పైపు కోయుటకు మొదటిది, దూలములు విప్పుటకు రెండవది తగినవి.

మన ఊరి పనులకు అన్వయము

పాత మట్టి మిద్దెలు: బళ్ళారిలోను రాయలసీమలోను దూలములు, దంతెల మీద మట్టి కప్పిన మిద్దెలు నేటికిని కొన్ని మిగిలియున్నవి. వానిని విప్పునపుడు దొరకు పాత కొయ్యకు మంచి ధర పలుకును. గొడ్డలితో నరికినచో కొస చీలి పొడవు తగ్గును. రంపముతో కోసినచో కొయ్య దక్కును. లోపల మేకులున్నవో లేవో పైకి కానరాదు. కావున 6 నుండి 10 పళ్ళు గల, దళసరి, 9 లేక 12 అంగుళముల బైమెటల్ బ్లేడు వాడవలెను. టేకులో సహజముగానే ఇసుక వంటి సిలికా ఉండుటచే బ్లేడు త్వరగా అరుగును. తుమ్మ గట్టి కొయ్య గనుక తొందరపడరాదు.

కాంక్రీటు కడ్డీలు: తోరణగల్లు ఉక్కు కర్మాగారము దగ్గరలోనే ఉన్నందున ఈ జిల్లా వారికి ఉక్కు పని సుపరిచితము. టి.ఎం.టి. కడ్డీని తయారు చేయునపుడు పై పొరను నీటితో హఠాత్తుగా చల్లార్చుదురు. అందుచే వెలుపలి పొర గట్టిగను లోపలి భాగము మెత్తగను ఉండును. ఆరంభములోనే బ్లేడు దెబ్బతినుటకు ఇదియే కారణము. మొదట తక్కువ వేగమున గాడి పడనిచ్చి, పిమ్మట ఒత్తిడి పెంచవలెను.

జి.ఐ. నీటి పైపులు: మీడియం రకపు అర అంగుళము పైపు గోడ మందము 2.6, ఒక అంగుళము పైపుది 3.2 మిల్లీమీటర్లు. వీనికి 18 పళ్ళ బైమెటల్ బ్లేడు సరిపోవును.

పాత మురుగు పైపులు: ఇవి బీడు ఇనుము. బైమెటల్‌తో కోయుట కష్టము. పని కొద్దియే అయినచో కార్బైడు బ్లేడు కలవారి చేత చేయించుకొనుటయే చవక.

జీన్సు కుట్టు శాలలు: మన నగరము జీన్సు దుస్తులకు పేరుపొందినది. అట్టి శాలలలో ఇనుప చట్రము కోయవలసి వచ్చినపుడు గ్రైండరు వాడినచో నిప్పురవ్వలు దూరముగా ఎగిరి నూలు పీచు మీద పడును. రంపము నుండి రవ్వలు చాల తక్కువ. అయినను రజను, బ్లేడు వేడిగానే ఉండును. గనుక ముందుగా చుట్టునున్న పీచును ఊడ్చి, నీళ్ళు దగ్గర ఉంచుకొనవలెను.

చవక ఏది? లెక్క చూడుము

దుకాణములో చీటీ మీద ఉన్నది బ్లేడు వెల. పనివానికి కావలసినది ఒక్కొక్క కోత వెల. ఉదాహరణకు ఒక బ్లేడు వెల 80 రూపాయలు అనుకొందము. అది 4 పైపులు కోసి అరిగినచో కోతకు 20 రూపాయలు పడినది. వేరొక బ్లేడు 240 రూపాయలు. అది 24 పైపులు కోసినచో కోతకు 10 రూపాయలే. 24 పైపుల పనికి మొదటి రకము ఆరు కావలెను, 480 రూపాయలు అగును. రెండవది ఒక్కటి చాలును. మాటిమాటికి బ్లేడు మార్చు సమయము కూడ మిగులును.

అట్లని ఖరీదైనదే ఎల్లపుడును మేలని కాదు. ఇంటి పెరటిలో నాలుగు కొమ్మలు కోయుటకు చవకైన హై కార్బన్ బ్లేడు చాలును. దానికై కార్బైడు కొనుట వృథా. ఐదు బ్లేడుల పెట్టె కొనుటకు ముందు ఒకటి రెండు రకములను విడిగా కొని, ఎన్ని కోతలు వచ్చెనో చిన్న పుస్తకమున వ్రాసికొనవలెను. ఎవరి పనికి ఏది లాభమో ఆ లెక్కయే తెలుపును.

కొనునపుడు బ్లేడు మీద రకము, పళ్ళ సంఖ్య, పొడవు స్పష్టముగా ముద్రించియున్నవో చూడవలెను. ఏ గుర్తును లేని బ్లేడు ఏ ఉక్కుతో చేసినదో ఎవ్వరును చెప్పలేరు. రసీదు తీసికొనుట మరువరాదు.

దుకాణములో మాట

కన్నడములో రంపమును గరగస అందురు. మర అనగా కన్నడములో చెట్టు, కొయ్య. తెలుగున మర అనగా యంత్రము. కన్నడమున హల్లు అనగా పన్ను. మనకది వ్యాకరణములోని అక్షరము. ఇనుము కన్నడములో కబ్బిణ. కావున దుకాణదారుడు మరకా, కబ్బిణకా అని అడిగినచో, కొయ్యకా, ఇనుమునకా అని అర్థము చేసికొనవలెను. పని పేరు చెప్పి, పళ్ళ సంఖ్య అంకెలతో చెప్పినచో ఏ భాషలోనైనను పొరపాటు జరుగదు.

బ్లేడు ఆయువును పెంచు పద్ధతులు

కొయ్యకు ఎక్కువ వేగము, ఇనుమునకు తక్కువ వేగము, స్టెయిన్‌లెస్ స్టీలునకు మరింత తక్కువ వేగము. ఇనుము కోయునపుడు ఒకటి రెండు చుక్కల నూనె వేసినచో వేడి తగ్గును. యంత్రపు ముందరి పాదమును వస్తువునకు గట్టిగా ఆనించి పట్టవలెను. లేనిచో బ్లేడు కోయుటకు మారుగా వస్తువునే కుదుపును.

ఆట పొడవు కొద్దియే గనుక పలుచని వస్తువులు కోయునపుడు బ్లేడులో ఒక్క చోటి పళ్ళే అరుగును. పాదమును ముందుకు వెనుకకు జరుపగల యంత్రమైనచో దానిని జరిపి మిగిలిన పళ్ళను వాడుకొనవలెను. ఒక్క కాసు ఖర్చు లేకుండ బ్లేడు ఆయువు పెరుగును.

తప్పక పాటించవలసినవి

బ్లేడు మార్చుటకు ముందు ప్లగ్గు తీయవలెను, లేదా బ్యాటరీ విప్పవలెను. కోసిన వెంటనే బ్లేడును వట్టి చేతితో ముట్టరాదు. కంటికి అద్దాలు, ముక్కునకు మాస్కు ధరింపవలెను. గోడ కోయునపుడు లోపలి కరెంటు తీగలను తలచుకొని మెయిన్ ఆపవలెను. మూసియున్న డ్రమ్మును, గ్యాసు సిలిండరును ఎన్నడును కోయరాదు. పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును. దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. ఆ రేకులను రంపముతో కోయక బోల్టులు విప్పి దింపవలెను.

నగరములో చెట్టును కొట్టుటకు కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టము, 1976 ప్రకారము వృక్షాధికారి అనుమతి కావలెను. కొన్ని జాతులకు మినహాయింపు ఉన్నను, పెద్ద కొమ్మలు కొట్టుటకు ముందు కూడ విచారించుట మేలు. యజమాని చెప్పినాడని కోసినవాడు కూడ చిక్కులలో పడును.

అభ్యాసము

1. పాత తలుపు చట్రము కోయవలెను. లోపల మేకులున్నవేమో తెలియదు. ఏ బ్లేడు?
2. ఒక అంగుళము జి.ఐ. పైపునకు 6 పళ్ళ బ్లేడు ఎందుకు తగదు?
3. 150 రూపాయల బ్లేడు 10 కోతలు, 90 రూపాయల బ్లేడు 5 కోతలు ఇచ్చినవి. ఏది చవక?

జవాబులు: 1. 6 నుండి 10 పళ్ళ దళసరి బైమెటల్. 2. పళ్ళ నడుమ ఎడము 4 మిల్లీమీటర్లకు మించును, పైపు గోడ 3.2 మాత్రమే. కావున పన్ను ఇరుకుకొని ఊడును. 3. మొదటిది. కోతకు 15 రూపాయలు, రెండవది 18.