ప్రాజెక్టు రిపోర్టులో ఏఐ ఎంతవరకు?

ప్రశ్న: సివిల్ ప్రాజెక్టు రిపోర్టును చాట్‌జీపీటీతో రాయించవచ్చా? (బీటెక్ విద్యార్థి, బోరంచ, నారాయణఖేడ్)

జవాబు: భాష దిద్దడానికి, అధ్యాయాల వరుస చూసుకోవడానికి ఏఐ బాగా పనికొస్తుంది. కొలతలు, ఫలితాలు మాత్రం విద్యార్థివే కావాలి. ఉదాహరణకు, మంజీర ఒడ్డున బోరంచ పొలాల్లోని నల్లరేగడి మట్టికి ద్రవ పరిమితి కట్టాలంటే కాసాగ్రాండే పరికరం గిన్నెలో మట్టి పరిచి గాడి గీయాలి. సరిగ్గా 25 దెబ్బలకు ఆ గాడి అడుగున 12 మిల్లీమీటర్ల మేర మూసుకునే తేమ శాతమే ద్రవ పరిమితి. ఆ పరీక్ష చేయని ఏఐ కూడా నమ్మశక్యంగా కనిపించే అంకె ఇచ్చేస్తుంది, లేని పరిశోధన పత్రాల పేర్లూ చేరుస్తుంది. అసలు ప్రమాదం ఇదే. అందుకే ప్రతి రిఫరెన్సునూ తెరిచి చూడాలి, అంకెలను ల్యాబ్ రికార్డుతో సరిపోల్చాలి. ఏఐ సాయం ఎక్కడ తీసుకున్నదీ గైడ్‌కు ముందే చెప్పి, రిపోర్టులోనూ రాయాలి.